ఎండ నుంచి క్యాన్సర్ దాకా: చర్మకణంలో జరిగేదేమిటి?

ఎండ మరీ ఎక్కువైతే చర్మం కందుతుంది, నల్లబడుతుంది, రెండు మూడు రోజులకు పొట్టు లేస్తుంది. పైకి కనిపించేది ఇంతే. లోపల, చర్మకణాల డీఎన్‌ఏలో, ఉండకూడని చోట కొత్త రసాయన బంధాలు పడి ఉంటాయి. వాటిలో చాలావరకు కణం తనంతట తానే సరిచేసుకుంటుంది. మిగిలిపోయిన కొద్దిపాటివి ఏ ముప్ఫై, నలభై ఏళ్లకో చర్మ క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

"అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, అందుకే క్యాన్సర్ వస్తుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. తప్పేమీ లేదు గానీ, ఆ రెండు మాటల మధ్య జరిగేదే అసలు సంగతి. కిరణం పని సెకనులో లక్ష కోట్లవ వంతులో అయిపోతుంది. అది చేసేది నష్టం మాత్రమే, మ్యుటేషన్ (డీఎన్‌ఏ రాతలో శాశ్వత మార్పు) కాదు. ఆ నష్టాన్ని చెరగని మ్యుటేషన్‌గా మార్చేది కణంలోని ఎంజైములే. ఆ మ్యుటేషన్ పట్టిన కణానికి చోటిచ్చి పెంచేది మాత్రం మళ్లీ ఎండే.

ఏ కిరణాలు, ఎందుకు

అతినీలలోహిత కాంతిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడు భాగాలు చేస్తారు. 280 నానోమీటర్ల లోపుది యూవీ-సి, 280 నుంచి 315 వరకు యూవీ-బి, 315 నుంచి 400 వరకు యూవీ-ఎ. డీఎన్‌ఏ అన్నిటికన్నా గట్టిగా పీల్చుకునేది 260 నానోమీటర్ల దగ్గరి కాంతిని. అది యూవీ-సి కిందికి వస్తుంది. అదృష్టవశాత్తూ వాతావరణం దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. యూవీ-బిలో కూడా ఎక్కువ భాగం ఓజోన్ పొర దగ్గరే ఆగిపోతుంది. చివరికి నేలకు చేరే అతినీలలోహిత కాంతిలో దాదాపు 95 శాతం యూవీ-ఎ, మిగిలిన ఐదు శాతమే యూవీ-బి. అయినా డీఎన్‌ఏ మీద నేరుగా పడే దెబ్బలో పెద్ద వాటా ఆ ఐదు శాతానిదే. డీఎన్‌ఏ పీల్చుకోగల కాంతి పరిధి చివరి అంచు సరిగ్గా యూవీ-బి మీదే పడుతుంది మరి.

డీఎన్‌ఏలో అక్షరాల్లాంటి నాలుగు రకాల బేసులుంటాయి: అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్. చివరి రెండింటినీ పిరిమిడిన్లంటారు. ఎండకు తొందరగా లొంగేవి ఇవే. ప్రతి పిరిమిడిన్ వలయంలోనూ ఐదో, ఆరో కార్బన్ల మధ్య ఒక ద్విబంధం ఉంటుంది. యూవీ-బి ఫోటాన్‌ను (కాంతి రేణువును) పీల్చుకున్న బేస్ ఉత్తేజిత స్థితికి వెళుతుంది. ఎక్కువసార్లు ఆ శక్తి కళ్లు మూసి తెరిచేలోపు, నిజానికి అంతకంటే ఎన్నో రెట్లు ముందే, వేడిగా మారి పోతుంది. ఈ విషయంలో డీఎన్‌ఏ చాలా దిట్టమైన అణువు. కానీ వందలో ఒకటి రెండు సార్లు, పక్కనే ఉన్న మరో పిరిమిడిన్ ద్విబంధం సరిగ్గా ఎదురుగా వచ్చి ఉంటే, రెండు ద్విబంధాలూ విచ్చుకుని ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. నాలుగు కార్బన్లతో చతురస్రంలాంటి వలయం ఏర్పడుతుంది. దీన్నే సైక్లోబ్యూటేన్ పిరిమిడిన్ డైమర్ అంటారు. మనం డైమర్ అందాం.

డైమర్ గురించి మొదట తెలిసింది జీవకణంలో కాదు, మంచుగడ్డలో. 1960లో నెదర్లాండ్స్‌లో బ్యూకర్స్, బెరెండ్స్ అనే శాస్త్రవేత్తలు గడ్డకట్టిన థైమిన్ ద్రావణం మీద అతినీలలోహిత కాంతి పడనిచ్చి చూశారు. మామూలు నీళ్లలో అటూ ఇటూ తిరిగే థైమిన్ అణువులు గడ్డకట్టినప్పుడు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అందుకే అక్కడ జంటలు సులువుగా కట్టాయి. డీఎన్‌ఏ పోగులోనూ బేసులు అలాగే ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి కదా. అక్కడా అదే జరుగుతుంది.

డైమర్‌తో పాటు 6-4 ఫోటో ఉత్పన్నం అనే మరో రకం అతుకు కూడా పడుతుంది. ఇది సంఖ్యలో తక్కువ. పైగా డీఎన్‌ఏను బాగా మెలిపెడుతుంది కాబట్టి కణం దాన్ని చప్పున పసిగట్టి కొన్ని గంటల్లోనే తీసేస్తుంది. డైమర్ వల్ల వచ్చే వంపు తక్కువ. కాబట్టి అది కంటపడటానికి ఆలస్యమవుతుంది. మనిషి కణాల్లో సగం డైమర్లు పోవడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. చిన్నగా కనిపించే ఈ తేడాతోనే డైమర్ ఎక్కువ ప్రమాదకరమైంది.

నష్టం మ్యుటేషన్‌గా మారే చోటు

పక్కపక్కన రెండు సైటోసిన్లు ఉన్న ఒక్క చోటును దగ్గరగా చూద్దాం. ఎండ తగిలింది, రెండూ అతుక్కుని డైమర్ అయ్యాయి. మామూలుగా సైటోసిన్ చాలా స్థిరంగా ఉంటుంది. జంటపోగు డీఎన్‌ఏలో ఒక సైటోసిన్ తన అమైనో సమూహాన్ని పోగొట్టుకుని యురాసిల్‌గా మారాలంటే సగటున వేల ఏళ్లు పడుతుంది. డైమర్‌లో ఇరుక్కున్న సైటోసిన్‌కు ఆ స్థిరత్వం పోతుంది. కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో అది యురాసిల్ అయిపోతుంది. ఇప్పుడు అక్కడ రెండు సైటోసిన్ల డైమర్ లేదు, రెండు యురాసిల్‌ల డైమర్ ఉంది.

ఈలోగా కణం విభజనకు సిద్ధమై డీఎన్‌ఏను కాపీ చేయడం మొదలుపెట్టిందనుకుందాం. రోజూ కాపీ చేసే పాలిమరేజ్ ఎంజైము అతుక్కున్న బేసులను చదవలేక ఆగిపోతుంది. అప్పుడు పాలిమరేజ్ ఈటా అనే ప్రత్యేక ఎంజైము వచ్చి ఆ రెండు బేసులనూ దాటిస్తుంది. దాని పనితనం బాగానే ఉంటుంది. యురాసిల్‌కు ఎదురుగా అడినిన్ పెట్టాలి, పెడుతుంది. తర్వాతి కాపీలో ఆ అడినిన్లకు ఎదురుగా థైమిన్లు వచ్చి కూర్చుంటాయి. సైటోసిన్ల జంట (సి-సి) ఉన్న చోట థైమిన్ల జంట (టి-టి) శాశ్వతంగా పడిపోయింది. ఇందులో ఏ ఎంజైమూ పొరపాటు చేయలేదన్నది గమనించాలి. మూల ప్రతి మారిపోయింది, కాపీ మాత్రం నిజాయితీగా జరిగింది.

రెండు థైమిన్ల మధ్య పడే డైమర్లు ఎన్నో ఉన్నా వాటివల్ల మ్యుటేషన్లు ఎందుకు తక్కువో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. థైమిన్‌కు పోగొట్టుకోవడానికి అమైనో సమూహం లేదు. ఈటా ఎంజైము అక్కడా అడినిన్లే పెడుతుంది, అవి సరైనవే. ఈ ఎంజైము లేకుండా పుట్టినవాళ్లలో వేరే ఎంజైములు ఆ పనికి దిగి తప్పులు చేస్తాయి. వాళ్లకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి.

ఇలా పిరిమిడిన్ల పక్కన సి స్థానంలో టి, అంతకంటే అరుదుగా సి-సి స్థానంలో టి-టి రావడం ఎండ వేసే ముద్ర. రెండోది మరీ ప్రత్యేకం. వేరే కారణాల వల్ల అలాంటి జంట మార్పు రావడం బహు అరుదు. 1991లో డగ్లస్ బ్రాష్ బృందం చర్మం పైపొర కణాల్లో వచ్చే స్క్వామస్ సెల్ క్యాన్సర్ నమూనాలు 24 పరీక్షిస్తే, 14 నమూనాల్లో కణానికి కాపలా కాసే పి53 జన్యువు మారిపోయి కనిపించింది. వాటిలో సి-సి స్థానంలో టి-టి వచ్చినవీ ఉన్నాయి. శరీరం లోపలి అవయవాల క్యాన్సర్లలో అదే జన్యువు చెడినా ఈ ముద్ర కనబడదు. ఎండకూ చర్మ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని అప్పటికే జనాభా లెక్కల నుంచి తెలుసు. ఎండ చేతిరాత కణితి డీఎన్‌ఏలోనే దొరకడం మాత్రం అప్పుడే.

బాగుచేసే యంత్రాంగం

గట్టి ఎండలో ఒక రోజు గడిపితే ఒక్కో చర్మకణంలో పడే దెబ్బలు లక్ష దాకా ఉండవచ్చని అంచనా. అన్ని దెబ్బలు తిన్నా మనలో ఎక్కువమంది క్యాన్సర్ లేకుండా ఉంటున్నామంటే, దానికి కారణం న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ రిపేర్ అనే మరమ్మతు పద్ధతి. డీఎన్‌ఏలో వంపును కొన్ని ప్రోటీన్లు గుర్తిస్తాయి. ఆ చోట రెండు పోగులనూ విడదీస్తారు మరికొందరు పనివాళ్లు. దెబ్బతిన్న పోగును అటూ ఇటూ కత్తిరించి, దాదాపు 24 నుంచి 32 బేసుల ముక్కను తీసేస్తారు. ఎదుటి పోగును చూసి ఖాళీని పూడ్చి అతికిస్తారు. చెడింది రెండు బేసులే అయినా పాతిక, ముప్ఫై బేసులు మార్చడం కొంత అతిగా కనిపించవచ్చు గానీ, ఏ రకం వంపునైనా ఒకే పద్ధతిలో బాగుచేయడానికి ఇదే వీలు.

ఈ పద్ధతి విలువ ఎంతో, అది లేనివాళ్లను చూస్తే తెలుస్తుంది. జెరోడెర్మా పిగ్మెంటోసం అనే జన్యు వ్యాధి ఉన్న పిల్లల్లో ఈ మరమ్మతు పనిచేయదని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించాడు. ఇరవై ఏళ్లలోపు వయసులో వాళ్లకు మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు వచ్చే ముప్పు ఇతరులకంటే దాదాపు 10,000 రెట్లు, మెలనోమా ముప్పు దాదాపు 2,000 రెట్లు ఎక్కువ. ఎండ అందరికీ ఒకటే, తేడా అంతా మరమ్మతులోనే ఉంది.

బ్యాక్టీరియా, మొక్కలు, చాలా జంతువుల్లో ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. ఫోటోలయేజ్ అనే ఎంజైము నీలికాంతి శక్తిని వాడుకుని డైమర్‌ను నేరుగా విడగొట్టేస్తుంది. కత్తిరింపులూ అతుకులూ ఏమీ అక్కర్లేదు. కంగారూ లాంటి సంచిజంతువుల్లో కూడా అది ఉంది. మాయ ద్వారా పిల్లలను పెంచే క్షీరదాల్లో, అంటే మనలోనూ, పరిణామంలో ఎక్కడో పోయింది. ఫోటోలయేజ్ మీదా ఎక్సిషన్ రిపేర్ మీదా చేసిన పనికి అజీజ్ సాంకార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్‌లతో కలిసి ఆ బహుమతి పంచుకున్నాడు.

మరమ్మతు డీఎన్‌ఏ అంతటా ఒకే వేగంతో జరగదు. కణం వాడుకలో ఉన్న జన్యువులను ముందు బాగుచేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైము డైమర్ దగ్గర ఆగిపోతే, అదే ప్రమాద సూచన అవుతుంది. దీని ఆనవాలు కూడా కణితుల్లో ఉంది. 2010లో ఒక మెలనోమా కణితి నుంచి పెంచిన కణాల జన్యుక్రమాన్ని మొత్తం చదివితే 33 వేలకు పైగా ఒంటి బేసు మార్పులు బయటపడ్డాయి. ఎక్కువ భాగం సి స్థానంలో టి వచ్చినవే. అవి వాడుకలో ఉన్న జన్యువుల్లో తక్కువగా, వాడని ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నాయి.

ఎండ రెండోసారి చేసే పని

చాలా వివరణలు మ్యుటేషన్ దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత జరిగేది అంతకంటే ముఖ్యమైనదని నాకనిపిస్తుంది.

పి53 ప్రోటీను పని కణానికి కాపలా కాయడం. డీఎన్‌ఏ దెబ్బతింటే అది కణ విభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే కణాన్ని చంపేస్తుంది. ఎండకు కందిన చర్మాన్ని మైక్రోస్కోపులో చూస్తే ముడుచుకుపోయి చస్తున్న కణాలు కనిపిస్తాయి. పి53 లేని ఎలుకల చర్మంలో అలాంటి కణాలు బాగా తక్కువని 1994లో తేలింది. అంటే చర్మం కందాక పొట్టు లేవడంలో కొంత భాగం, బాగుచేయలేని కణాలను శరీరం వదిలించుకోవడమే.

ఇప్పుడు ఎప్పుడో పాత ఎండకు పి53 చెడిపోయిన కణం ఒకటి చర్మంలో ఉందనుకోండి. మళ్లీ గట్టి ఎండ తగిలింది. చుట్టూ ఉన్న మంచి కణాలు నిజాయితీగా చచ్చిపోతాయి. చెడ్డది మాత్రం చావదు. ఖాళీ అయిన చోటంతా దాని పిల్లకణాలు ఆక్రమిస్తాయి. పైరు ఎండిపోయిన మడిలో కలుపు అల్లుకున్నట్టు. ప్రతి ఎండాకాలం ఆ గుంపు ఇంకాస్త పెరుగుతుంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ అందులో ఏదో ఒక కణానికి రెండో మ్యుటేషన్, మూడోది తగిలే అవకాశమూ పెరుగుతుంది. క్యాన్సర్‌కు ఏళ్లు పట్టేది ఇందుకే.

ఇది ఊహ కాదు. 2015లో ఒక పరిశోధన బృందం నలుగురి కనురెప్పల చర్మం నుంచి 234 చిన్న ముక్కలు తీసుకుని జన్యుక్రమం చదివింది. ఆ చర్మం పైకి పూర్తిగా ఆరోగ్యంగా ఉంది. అయినా నాలుగో వంతుకు పైగా కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే రకం మ్యుటేషన్ కనీసం ఒకటైనా ఉంది. నాచ్1, పి53 జన్యువులు అందులో ముందు వరుసలో ఉన్నాయి. ఇన్ని మ్యుటేషన్లు మోస్తూ కూడా చర్మం తన పని తాను చేసుకుపోతోందంటే, ఒక్క మ్యుటేషన్‌తో క్యాన్సర్ వచ్చేస్తుందనే భయం ఎంత తప్పో తెలుస్తుంది.

ఎలుకల చర్మంలో పి53 చెడిన గుంపులు, అతినీలలోహిత కాంతి ఆపేస్తే, మెల్లగా కుంచించుకుపోయాయి. ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణంలో 1992లో మొదలైన ప్రయోగాన్ని ఈ వెలుగులో చూడాలి. 1,600 మందికి పైగా పెద్దవాళ్లను చీట్లు తీసినట్టు విడదీసి కొందరికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతావారిని ఎప్పటిలాగే ఉండమన్నారు. నాలుగున్నరేళ్లలో రోజూ రాసుకున్నవారిలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి. వాళ్లంతా అప్పటికే ఏళ్ల తరబడి ఎండలో తిరిగినవాళ్లు. వాళ్ల డీఎన్‌ఏలో పాత మ్యుటేషన్లు పోయి ఉండవు. అయినా అంత త్వరగా ఫలితం కనిపించిందంటే, ఆగింది కొత్త మ్యుటేషన్లు ఒక్కటే కాదు, పాతవాటికి ఎండ ఇచ్చే ఊతం కూడా ఆగి ఉండాలి. మరో రకమైన బేసల్ సెల్ చర్మ క్యాన్సర్లు మాత్రం ఆ కాలంలో తగ్గలేదు. అన్ని చర్మ క్యాన్సర్లూ ఒకే దారిలో రావని దాన్నిబట్టి అర్థమవుతుంది.

మూడు క్యాన్సర్లు, వేర్వేరు దారులు

స్క్వామస్ సెల్ క్యాన్సర్ జీవితాంతం పడిన ఎండ మొత్తానికి తగ్గట్టు పెరుగుతుంది, పి53 దానికి మొదటి మెట్టు. అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్‌లో ముఖ్య పాత్ర పీటీసీహెచ్1 అనే జన్యువుది. ఇది హెడ్జ్‌హాగ్ అనే పెరుగుదల సంకేతానికి వేసిన తాళం. జన్యువు చెడితే సంకేతం ఆగకుండా నడుస్తుంది. ఈ సంగతి 1996లో తెలిశాకే ఆ సంకేతాన్ని అడ్డుకునే మందు విస్మోడెగిబ్ వచ్చింది.

మెలనోమా అరుదైనదే గానీ ఎక్కువమందిని చంపేది. దీని విషయం కొంచెం చిక్కు. సగం మెలనోమాల్లో బ్రాఫ్ అనే జన్యువులో ఒకే చోట, 600వ అమైనో ఆమ్లం దగ్గర మార్పు ఉంటుంది. అది టి స్థానంలో ఎ రావడం వల్ల పడిన మార్పు, డైమర్ వేసే ముద్ర కాదు. మామూలు పుట్టుమచ్చల్లోనూ అదే మార్పు చాలాసార్లు కనిపిస్తుంది, అవి క్యాన్సర్ కాకుండానే ఉండిపోతాయి. మచ్చ మెలనోమా కావడానికి తోడ్పడే తర్వాతి మార్పుల్లో టెర్ట్ జన్యువు స్విచ్చులో వచ్చేది ఒకటి. 2013లో బయటపడిన ఆ మార్పు మాత్రం అచ్చంగా సి స్థానంలో టి. కణానికి ఎన్నిసార్లైనా విభజించుకునే శక్తినిచ్చే ఎంజైమును అది తట్టి లేపుతుంది. ఇక అరచేతుల్లో, అరికాళ్లలో వచ్చే మెలనోమాకు ఎండతో పెద్దగా సంబంధం లేదు. నల్లని చర్మం ఉన్నవాళ్లలో వచ్చే మెలనోమాల్లో ఆ రకం వాటా ఎక్కువ. కాబట్టి ఎండ జాగ్రత్తలు పాటించామని అరికాలి మచ్చను పట్టించుకోకుండా ఉండటం మంచిది కాదు.

మెలనిన్: గొడుగే, కానీ

చర్మం నల్లబడటం కూడా డీఎన్‌ఏ దెబ్బకు ప్రతిస్పందనే. దెబ్బతిన్న కెరటినోసైట్‌లో (చర్మం పైపొరలోని ముఖ్య కణంలో) పి53 లేచి ఒక హార్మోను తయారయ్యేలా చేస్తుంది. అది పక్కనున్న మెలనోసైట్ (రంగు తయారుచేసే కణం) మీది ఎంసీ1ఆర్ గ్రాహకాన్ని తాకుతుంది. అప్పుడు మెలనిన్ అనే రంగు పదార్థం తయారై కెరటినోసైట్లలోకి చేరి, వాటి కేంద్రకం పైభాగాన టోపీలా పేరుకుంటుంది. అంటే దెబ్బ తగిలిన తర్వాతే రంగు వస్తుంది. "కాస్త నల్లబడితే చర్మానికి రక్షణ" అనేవాళ్లు ఈ వరుసను మర్చిపోతారు. ఎర్రజుట్టు, పాలిపోయిన చర్మం ఉన్నవాళ్లలో ఎంసీ1ఆర్ సరిగా పనిచేయదు. వాళ్లకు నల్లమెలనిన్ బదులు ఎర్రటి ఫియోమెలనిన్ తయారవుతుంది, అది కాంతిని అంతగా ఆపలేదు.

యూవీ-ఎ సంగతి కూడా మెలనిన్‌తో ముడిపడే ఉంది. డీఎన్‌ఏ దాన్ని నేరుగా పీల్చుకునేది చాలా తక్కువ. కానీ అది చర్మంలో లోతుగా దిగుతుంది. కణంలోని ఇతర అణువులు దాన్ని పీల్చుకుని చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి, అవి గ్వానిన్‌ను ఆక్సీకరణం చేస్తాయి. 2015లో బ్రాష్ బృందమే మరో వింత చూపించింది. మెలనోసైట్ల మీద యూవీ-ఎ ఆపేశాక కూడా మూడు గంటలకు పైగా చీకట్లో కొత్త డైమర్లు పుడుతూనే ఉన్నాయి. సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి మెలనిన్ ముక్కలను ఉత్తేజపరుస్తాయి, ఆ శక్తి కాంతి లేకుండానే డీఎన్‌ఏకు చేరుతుంది. నీడలోకి వచ్చినంత మాత్రాన కథ ముగియదన్నమాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో యూవీ-ఎతో సహా మొత్తం అతినీలలోహిత కాంతినీ, చర్మాన్ని నల్లబరిచే కృత్రిమ దీపాలనూ మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది.

రోగనిరోధక శక్తి

మార్పులతో నిండిన కణాన్ని రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తించగలదు. 1970లలో మార్గరెట్ క్రిప్కె దీన్ని ఎలుకల్లో చూపించింది. అతినీలలోహిత కాంతితో వచ్చిన కణితిని అదే జాతికి చెందిన ఆరోగ్యవంతమైన ఎలుకకు అంటిస్తే దాని శరీరం తిప్పికొట్టింది. ముందే అతినీలలోహిత కాంతి తగిలిన ఎలుకలో మాత్రం కణితి పెరిగింది. అంటే ఆ కాంతి కణితిని పుట్టించడమే కాక, దాన్ని పట్టే చేతులనూ కట్టేస్తోంది. చర్మం పైపొరలో ఉండే యూరోకానిక్ ఆమ్లం కాంతి తగలగానే ఆకారం మార్చుకుని నిరోధక శక్తిని అణచే సంకేతంగా పనిచేస్తుంది. పహరా కాసే లాంగర్‌హాన్స్ కణాలు పలచబడతాయి. అవయవ మార్పిడి చేయించుకుని నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు పదుల రెట్లు ఎక్కువగా రావడం చూస్తే, మామూలు రోజుల్లో ఆ వ్యవస్థ ఎన్ని కణితులను మొగ్గలోనే తుంచేస్తోందో ఊహించవచ్చు.

ఆ పహరాను తిరిగి లేపగలిగితే చికిత్సకు అదే దారి. మెలనోమాలో ఎండ వల్ల పేరుకున్న వేల మ్యుటేషన్లలో కొన్ని మారిపోయిన ప్రోటీన్లను తయారుచేస్తాయి. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాల మీది బ్రేకులను తొలగించే మందులు ఇస్తే అవి ఆ ప్రోటీన్లను చూసి దాడికి దిగుతాయి. ఆ కోవలో మొదటిదైన ఇపిలిముమాబ్‌కు 2011లో అనుమతి వచ్చింది మెలనోమాకే. 2018లో ముదిరిన స్క్వామస్ సెల్ చర్మ క్యాన్సర్‌కు సెమిప్లిమాబ్ వచ్చింది. మ్యుటేషన్లు తక్కువగా ఉండే చాలా క్యాన్సర్లలో ఈ రకం మందులు అంతగా పనిచేయవు. ఒకే మందు మెలనోమా ఉన్న అందరికీ పనిచేయకపోవడం, అరికాలి మెలనోమాలో ఇంకా తక్కువగా పనిచేయడం వెనకా కొంతవరకు ఈ మ్యుటేషన్ల లెక్కే ఉంది.